తలకా, ఛాతీకా, కాలికా? గేముల్లో గురి శాతాన్ని చదివే పద్ధతి, మీకు నప్పే గేమ్ ఎంచుకునే దారి

తమ్ముడు ఫాలవుట్ 3 ఆడుతున్నాడు, అణుయుద్ధం తర్వాతి పాడుబడ్డ ప్రపంచంలో తిరిగే తుపాకుల గేమ్ అది. నేను వెనక మంచం మీద కూర్చుని చూస్తున్నాను. ఓల్డ్ ఓల్నీ అనే పాడుబడ్డ ఊళ్లోకి అడుగుపెట్టాడో లేదో, కూలిన గోడల వెనక నుంచి డెత్‌క్లా అనే పెద్ద గోళ్ల రాక్షస జంతువు బయటికొచ్చింది. వాడు గబుక్కున వ్యాట్స్ (శత్రువు ఒంట్లో ఏ భాగానికి కాల్చాలో ఎంచుకునే సదుపాయం) నొక్కాడు. ఆట ఆగింది. ఆ జంతువు ఒంటి మీద ఆకుపచ్చ అంకెలు వెలిగాయి. తల 38, ఛాతీ 71, కుడికాలు 54.

"అన్నా, తలకి పెట్టేస్తున్నా."

"వద్దురా, కాలికి పెట్టు."

వినలేదు. మూడు గుళ్లూ తలకే పెట్టాడు. ఒకటి తగిలింది, రెండు పోయాయి. డెత్‌క్లా రెండు గంతుల్లో మీదకొచ్చి పడింది, అంతే.

రెండోసారి మళ్లీ లోడ్ చేశాక డార్ట్ గన్ తీయించాను. పెయింట్ గన్, బొమ్మ కారు, సర్జికల్ ట్యూబు, ర్యాడ్‌స్కార్పియన్ విషగ్రంథి కలిపి మనమే వర్క్‌బెంచ్ మీద చేసుకునే తుపాకీ అది. దాని దెబ్బకి పెద్దగా ప్రాణం పోదు గానీ, ఒక్క సూది తగిలితే ఎదుటివాడి కాళ్లు చచ్చుబడతాయి. ఇందాక ఎగిరి దూకిన డెత్‌క్లా ఈసారి కుంటుకుంటూ వచ్చింది. తమ్ముడు వెనక్కి నడుస్తూ, మధ్యమధ్యలో ఆగి కాలుస్తూ, తీరిగ్గా పని కానిచ్చేశాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ పది నిమిషాలే. స్క్రీన్ మీద కనిపించే శాతం మనకి ఒక్క సంగతే చెబుతుంది: గుండు తగులుతుందా, తగలదా. తగిలితే ఎదుటివాడు ఏం చెయ్యలేకపోతాడు, తగలకపోతే తర్వాతి క్షణంలో నా పరిస్థితేంటి అన్న రెండు ప్రశ్నలు మనమే వేసుకోవాలి. తలకా కాలికా అని తేల్చుకోవడానికైనా, అసలు ఏ గేమ్ మొదలుపెట్టాలని తేల్చుకోవడానికైనా ఇదే కొలబద్ద పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు అంకె సంగతి

95 శాతం అంటే మన బుర్ర "ఖాయం" అని చదువుకుంటుంది. నిజానికి అది ఇరవైలో ఒకటి తప్పుతుందని అర్థం. ఒక మిషన్‌లో 95 శాతం షాట్లు ఇరవై కొట్టారనుకోండి. వాటిలో కనీసం ఒకటి తప్పే అవకాశం 64 శాతం. నలభై కొడితే 87 శాతం. అంటే తప్పడమే మామూలు, ఒక్కటీ తప్పకపోతేనే విచిత్రం. గ్రహాంతరవాసుల మీద సైనికుల్ని నడిపించే ఎక్స్‌కామ్ గేమ్ ఆడేవాళ్లు "95 తప్పింది, ఇది మోసం" అని గోల పెట్టడం వెనక ఉన్న లెక్క ఇదే. తగిలినవి మర్చిపోతాం, తప్పిన ఒక్కటే గుర్తుంటుంది.

గేములు తయారుచేసేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో సివిలైజేషన్ గేమ్ సృష్టికర్త సిడ్ మైయర్ దీని గురించే మాట్లాడారు. మూడుకి ఒకటి చొప్పున తమవైపు మొగ్గు ఉన్న యుద్ధంలో ఓడిపోతే ఆటగాళ్లు అన్యాయం జరిగిందనుకుంటున్నారని, ఆ భావనకి తగ్గట్టు ఆటని సర్దాల్సి వచ్చిందని చెప్పారు. అందుకే చాలా గేముల్లో కనిపించే అంకె ఒకటి, లోపల జరిగేది ఇంకొకటి.

దీనికి మంచి ఉదాహరణ ఫైర్ ఎంబ్లమ్ అనే వంతులవారీ యుద్ధాల గేమ్ సిరీస్. 2002లో వచ్చిన బైండింగ్ బ్లేడ్ నుంచి ఆ సిరీస్‌లో రెండు యాదృచ్ఛిక అంకెలు తీసి, వాటి సగటుని మీ శాతంతో పోల్చే పద్ధతి మొదలైంది. సగటు ఎప్పుడూ మధ్యకి జరుగుతుంది కదా. దాంతో స్క్రీన్ మీద 80 అని ఉంటే నిజంగా తగిలేది 92 శాతం. 90 అంటే 98. అదే శత్రువు మీ మీద 20 శాతం షాట్ కొడితే, తగిలేది 8 శాతమే. బలమైనవాడి బలం ఇంకాస్త పెరుగుతుంది, అదృష్టాన్ని నమ్ముకున్నవాడికి దెబ్బ పడుతుంది. ఈ లెక్క తెలిసినవాడు ఫైర్ ఎంబ్లమ్‌లో 75 దాటిన షాట్‌ని ధైర్యంగా తీసుకుంటాడు, 30 లోపు షాట్ జోలికి పోడు.

ఎక్స్‌కామ్ 2 మరో రకంగా సాయం చేస్తుంది. తక్కువ డిఫికల్టీల్లో మీకు కనిపించే శాతం కన్నా లోపల కాస్త ఎక్కువే ఉంటుంది, వరసగా తప్పితే తర్వాతి షాట్‌కి ఇంకాస్త కలుస్తుంది. అన్నిటికన్నా కష్టమైన లెజెండ్‌లో ఆ సాయం ఉండదు, ఉన్న అంకె ఉన్నట్టే. కింది స్థాయిలో "నాకు లక్ బాగుంది" అనుకుని నేరుగా లెజెండ్‌కి వెళ్లినవాళ్లు బోల్తా పడటానికి ఇదొక కారణం.

ఇంకో చిన్న విషయం. ఎక్స్‌కామ్‌లో షాట్ తప్పగానే సేవ్ లోడ్ చేసి అదే షాట్ మళ్లీ కొడితే మళ్లీ తప్పుతుంది. పాచిక ముందే పడిపోయి ఉంటుంది, సేవ్‌లోనే దాచి ఉంటుంది. క్రమం మార్చి ముందు వేరే సైనికుడితో కాల్పిస్తే ఫలితం మారుతుంది. నేనైతే లోడ్ చెయ్యకుండా ఆడమంటాను, తప్పిన షాట్ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించడంలోనే ఆ ఆట రుచి ఉంది.

తలా, ఛాతీనా: ఒక్క గుణకారం చాలు

ఫాలవుట్ 3లో మనిషి తలకి తగిలితే దెబ్బ రెండింతలు. ఛాతీ మీద 85, తల మీద 50 చూపిస్తోందనుకోండి. ఛాతీకి సగటున 0.85 దెబ్బ, తలకి 0.5 రెట్టింపు అంటే 1. కాబట్టి తలే మేలు. సూత్రం సులువు: తల శాతం ఛాతీ శాతంలో సగం కన్నా ఎక్కువుంటే తలకి, లేకపోతే ఛాతీకి.

కానీ సగటు అనేది చాలా షాట్లు కొట్టేవాడి లెక్క. శత్రువుకి ఇంకొక్క దెబ్బ ప్రాణమే మిగిలుంటే రెండింతల దెబ్బ దేనికి? అక్కడ ఛాతీ 85 కళ్లు మూసుకుని తీసుకోవాలి. చివరి ఓవర్లో రెండు పరుగులు కావాల్సినప్పుడు సిక్స్ కోసం బ్యాట్ ఊపడం లాంటిదే ఆ తలకి గురి. అలాగే తుపాకీలో గుళ్లు తక్కువున్నప్పుడు, లేదా వాడు మీదకొచ్చేలోపు రెండే షాట్లకి టైమ్ ఉన్నప్పుడు, "రెండిట్లో కనీసం ఒకటి" అన్న లెక్క చూడండి. 50 శాతం షాట్లు రెండు కొడితే ఒకటైనా తగిలే అవకాశం 75. 85వి రెండు కొడితే దాదాపు 98. ఒక్క దెబ్బ తగిలితే చాలు అన్నప్పుడు ఈ తేడాయే ప్రాణం నిలబెడుతుంది.

పాత ఫాలవుట్ల దగ్గర (1997, 1998) ఒక అందమైన మెలిక ఉంది, ఇప్పటికీ నాకు ఆ పద్ధతే ఎక్కువ ఇష్టం. అక్కడ గురిపెట్టి కొట్టడానికి ఒక యాక్షన్ పాయింట్ (మన వంతులో చేసే పనులకి ఖర్చయ్యే పాయింట్) అదనంగా ఖర్చవుతుంది. కాళ్లకి 20, చేతులకి 30, తొడల మధ్యకి 30, తలకి 40, కళ్లకి 60 చొప్పున మీ అవకాశం తగ్గుతుంది. ఎంత తగ్గిందో అంతే మేర క్రిటికల్ (మామూలు కన్నా పెద్ద దెబ్బ) అవకాశం పెరుగుతుంది. స్క్రీన్ మీద ఎంత చేసినా 95 దాటదు.

ఇప్పుడు ఆలోచించండి. మీ నైపుణ్యం, దూరం, వెలుతురు అన్నీ కలిపి లోపల లెక్క 140 వచ్చింది. ఛాతీకి పెడితే 95 చూపిస్తుంది, మిగతా 45 గాలికి పోయింది. కళ్లకి పెడితే 140లో 60 పోను 80. అంటే 15 శాతం వదులుకుని, అరవై శాతం అదనపు క్రిటికల్ కొనుక్కున్నారు. అంతకన్నా చవక బేరం ఆ ఆటలో లేదు. ఆట మొదట్లో, లోపలి లెక్క 70 ఉన్నప్పుడు మాత్రం కళ్లకి మిగిలేది 10, అది గాలిలో దీపం పెట్టి దేవుడా అనడమే. అందుకే మొదటి కొన్ని గంటలు ఛాతీకి, నైపుణ్యం పెరిగాక కళ్లకి. ఒక్క జాగ్రత్త: క్యారెక్టర్ తయారుచేసేటప్పుడు ఫాస్ట్ షాట్ అనే ట్రెయిట్ (క్యారెక్టర్ లక్షణం) తీసుకుంటే గురిపెట్టి కొట్టే అవకాశమే పోతుంది. షాట్‌కి ఒక పాయింట్ మిగులుతుందని ఆశపడి తీసుకుని తర్వాత ఆట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినవాళ్లని చూశాను.

కాళ్లూ చేతులూ ఎప్పుడు

ప్రాణం తియ్యడం కన్నా పని చెయ్యనివ్వకపోవడమే కొన్నిసార్లు పెద్ద లాభం. పరిగెత్తుకొచ్చి కొట్టేవాడికి కాళ్లు, దూరం నుంచి కాల్చేవాడికి చేతులు. ఇంత చిన్న మాటని ఫాలవుట్ 3, ఫాలవుట్ న్యూ వేగస్, ఫాలవుట్ 4 మూడూ రకరకాలుగా చూపిస్తాయి. మూడో భాగంలో ఎదుటివాడి చేతిలోని తుపాకీనే గురిపెట్టొచ్చు. పెద్ద చీమల మీసాలు పోగొడితే అవి పిచ్చెక్కి తోటి చీమల మీద పడతాయి. రోబోల వెనకుండే కంబాట్ ఇన్హిబిటర్ పగిలితే వాటికి మనవాళ్లెవరో పగవాళ్లెవరో తెలియదు. నలుగురు కలిసి మీద పడ్డప్పుడు ఒక రోబోని చంపడం కన్నా దాన్ని వాళ్ల మీదకే తిప్పడం ఎంత లాభమో చెప్పక్కర్లేదు.

ఫాలవుట్ 4లో చేతిలో చిన్న అణుబాంబు పట్టుకుని బీప్ బీప్ అంటూ పరిగెత్తుకొచ్చే సూపర్ మ్యూటెంట్‌ని గుర్తుపెట్టుకోండి. ఆ శబ్దం వినగానే గుండె ఝల్లుమంటుంది. తలకి పెట్టకండి. బాంబున్న చేతికి పెట్టండి, దూరంగా ఉండగానే పేలిపోతాడు, పక్కనున్నవాళ్లనీ తీసుకుపోతాడు. మైర్‌లర్క్ అనే పీత జాతి జంతువు పెంకు మీద ఎన్ని గుళ్లు కొట్టినా వృథా, దాని ముఖం బయటపడే క్షణం కోసం ఆగాలి. ఇక్కడే మూడుకీ నాలుగుకీ ఉన్న ముఖ్యమైన తేడా తెలుస్తుంది. ఫాలవుట్ 3లో వ్యాట్స్ నొక్కితే కాలం పూర్తిగా ఆగుతుంది, అంకెలు కదలవు. నాలుగులో కాలం నెమ్మదిస్తుందంతే. మీరు చూస్తుండగానే వాడు గోడ చాటు నుంచి బయటికొస్తాడు, 20 ఉన్నది 60 అవుతుంది, మళ్లీ దాక్కుంటే పడిపోతుంది. తీరిగ్గా ఆలోచించుకునే మనిషికి మూడు, ఆ కాస్త ఉరుకులు కావాలనుకునేవాళ్లకి నాలుగు.

నాలుగులో క్రిటికల్‌ని అదృష్టానికి వదిలెయ్యకుండా మీటర్‌లో దాచుకోవచ్చు, కావాల్సినప్పుడు వాడొచ్చు. వ్యాట్స్‌లో వాడిన ఆ క్రిటికల్ షాట్ తప్పదు. చాలామంది దాన్ని 90 శాతం ఉన్నప్పుడు వాడేస్తారు. శాతం అధ్వానంగా ఉన్నచోట, దూరంలో దాక్కున్న స్నైపర్ తల మీద 12 చూపిస్తున్నప్పుడు వాడండి. ఎలాగూ తగిలేదాని మీద గ్యారంటీ ఖర్చు పెట్టడం దండగ.

శరీర భాగాలే లేని ఎక్స్‌కామ్

2012 ఎక్స్‌కామ్ ఎనిమీ అన్నోన్‌లో గానీ, 2016 ఎక్స్‌కామ్ 2లో గానీ తల, కాలు అని ఎంచుకునే పద్ధతి లేదు. స్నైపర్‌కి హెడ్‌షాట్ అనే నైపుణ్యం ఉంది గానీ అది క్రిటికల్ అవకాశాన్నీ, ఆ దెబ్బనీ పెంచే మాట మాత్రమే. మరి ఈ పోలికలో ఎందుకు పెట్టానంటే, ఇక్కడ మీరు ఎంచుకునేది శత్రువు ఒంటి మీది చోటు కాదు, మీరు నిలబడే చోటు.

కొత్త సైనికుడి గురి 65. శత్రువు నిలువెత్తు గోడ చాటున ఉంటే 40 పోతుంది, మిగిలేది 25. నడుమెత్తు అడ్డు ఉంటే 20 పోయి 45. పక్కకి తిరిగి, అడ్డు పనిచెయ్యని వైపు చేరితే పూర్తి 65, పైగా క్రిటికల్ అవకాశం బాగా పెరుగుతుంది. మేడ మీదకెక్కితే ఇంకో 20. అంటే పది అడుగుల నడకతో 25ని 85 చెయ్యొచ్చు. ఈ ఆటలో శాతం చూసి షాట్ కొట్టేవాడు ఒక మెట్టు, శాతాన్ని తయారుచేసుకుని కొట్టేవాడు పై మెట్టు.

గ్రెనేడ్‌కి ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది, దాని గురి తప్పదు. ఎనిమీ అన్నోన్ నార్మల్‌లో సెక్టాయిడ్ అనే గ్రహాంతరవాసి ప్రాణం 3, గ్రెనేడ్ దెబ్బ 3. ఇద్దరు కొత్తవాళ్లు చెరో 45 శాతం షాట్ కొడితే కనీసం ఒకటి తగిలే అవకాశం 70, తగిలినా దెబ్బ చాలకపోవచ్చు. ఒక్క గ్రెనేడ్ విసిరితే వాడి పని ఖాయంగా అయిపోతుంది. కాకపోతే పేలుడుతో చంపితే వాడి ఆయుధ శకలాలు దొరకవు, అవి పరిశోధనకి కావాలి. మొదటి రెండు మూడు మిషన్లలో నా సలహా: సైనికుడి ప్రాణం ప్రమాదంలో ఉంటే గ్రెనేడ్, లేకపోతే పక్కనుంచి షాట్. అనుభవం వచ్చిన ఒక సైనికుడు పదిమంది శత్రువుల శకలాల కన్నా విలువైనవాడు.

బ్యాటిల్‌టెక్: పాము చావాలి, కర్ర విరగకూడదు

శరీర భాగాల మీద నిజమైన మమకారం ఉన్నవాళ్లకి నేను మొదట చూపించేది 2018లో వచ్చిన బ్యాటిల్‌టెక్, లోపల పైలట్ కూర్చుని నడిపే భారీ రోబోల (వాటినే మెక్‌లు అంటారు) యుద్ధం. దీని వేర్లు 1984లో వచ్చిన బోర్డ్ గేమ్‌లో ఉన్నాయి. అందులో రెండు పాచికలు వేసి దెబ్బ ఎక్కడ పడిందో చూసేవాళ్లు. ఏడు పడితే ఛాతీ మధ్య, పన్నెండు పడితే తల. పన్నెండు పడే అవకాశం 36లో ఒకటి. ఒక్కోసారి ఆ ఒక్క పాచికతో యుద్ధమే మారిపోయేది.

కంప్యూటర్ గేమ్‌లోనూ రెండు వేరు వేరు లెక్కలుంటాయి, ఈ సంగతి కొత్తవాళ్లు గమనించరు. ముందు తగులుతుందా అన్నది ఒకటి, తగిలితే ఎక్కడ అన్నది ఇంకొకటి. స్క్రీన్ మీద తగిలే అవకాశం 80, కాలికి 30 అని ఉంటే, కాలికి నిజంగా తగిలేది 24 శాతమే. రెండూ గుణించుకోవాలి. సిబ్బంది మొరేల్ (మనోబలం) పాయింట్లు ఖర్చు పెట్టి గురిచూసి కొట్టినా, శత్రువు మెక్ కిందపడ్డప్పుడు కొట్టినా, కోరుకున్న భాగం వైపు మొగ్గు పెరుగుతుంది గానీ ఖాయం కాదు.

అసలు మజా యుద్ధం అయ్యాక ఉంటుంది. శత్రువు మెక్‌ని ఎలా పడగొట్టారన్నదాన్ని బట్టి మీకు దాని భాగాలు దొరుకుతాయి. ఛాతీ మధ్య పగలగొడితే ఒకటే. రెండు కాళ్లూ తీసేస్తే రెండు. లోపలున్న పైలట్ ప్రాణం పోతే మూడు, అంటే మామూలు సెట్టింగ్‌లో ఒక పూర్తి మెక్ కట్టుకోవడానికి సరిపడా. కాబట్టి తేలిగ్గా తగిలే ఛాతీ మధ్యకి కొట్టి త్వరగా గెలవడమా, కష్టపడి కాళ్లకి కొట్టి రేపటికి కొత్త మెక్ సంపాదించడమా అన్నది ప్రతి మిషన్‌లో ఎదురయ్యే ప్రశ్న.

నా అలవాటు చెబుతాను. నాకు అక్కర్లేని తేలికపాటి మెక్‌ల మీద టైమ్ వృథా చెయ్యను, ఛాతీకే. మంచి బరువైన మెక్ కనిపిస్తే ముందు ఒక కాలు తీస్తాను. ఒక కాలు పోగానే అది కిందపడుతుంది, పడ్డప్పుడు పైలట్‌కి గాయమవుతుంది, కిందపడ్డదాని మీద మళ్లీ గురి చూసుకునే వీలొస్తుంది. మన ప్రాణం మీదకొచ్చినప్పుడు మాత్రం ఆశ వదిలేసి, పెద్ద తుపాకీ ఉన్న వైపు పక్క ఛాతీని పగలగొట్టాలి. పక్క ఛాతీ పోతే ఆ వైపు చెయ్యి కూడా దానితో పాటే పోతుంది. ఒక్క దెబ్బకి సగం ఆయుధాలు పోయిన మెక్ ఇక మిమ్మల్ని ఏం చేస్తుంది? వెనకవైపు కవచం పలచగా ఉంటుంది కాబట్టి, వెనక్కి చేరగలిగితే ఈ మాటలన్నీ పక్కనపెట్టి కాల్చెయ్యండి.

దీని లోపం ఒకటే, ఆట చాలా నిదానం. ఒక్క మిషన్‌కి గంట పట్టొచ్చు. ఓపిక లేనివాళ్లకి ఇవ్వను.

అంకె లేని ఆటలు

1994లో మొదటి ఎక్స్‌కామ్ చేసిన జూలియన్ గోలప్ చాలా ఏళ్ల తర్వాత, 2019లో, ఫీనిక్స్ పాయింట్ తీసుకొచ్చారు. ఇందులో శాతం బదులు రెండు వలయాలు కనిపిస్తాయి. గుళ్లన్నీ పెద్ద వలయం లోపలే పడతాయి, వాటిలో సగం చిన్న వలయంలో. మీ పని ఆ వలయాన్ని శత్రువు ఒంటి మీద ఎక్కడ పెట్టాలో చూసుకోవడం. దగ్గరికెళ్లి నిలబడితే శత్రువు వలయం నిండా ఉంటాడు, అప్పుడు తప్పడమన్న మాటే లేదు. ముక్కు ముందు నిలబడి 95 తప్పిందని ఏడ్చే బాధ ఇక్కడ ఉండదు.

ఆర్థ్రాన్ అనే పీతమనిషి ఒక చేత్తో డాలు, ఒక చేత్తో మెషిన్ గన్ పట్టుకుని వస్తాడు. ఛాతీకి కొడదామంటే డాలు అడ్డం. కాస్త పక్కకి జరిగి మెషిన్ గన్ ఉన్న చెయ్యి మీద చిన్న వలయం పెడితే, రెండు మూడు గుళ్లకి ఆ చెయ్యి పనికిరాకుండా పోతుంది. వాడు బతికే ఉంటాడు, కాల్చలేడు. అదే తిరకాసు మనకీ ఉంది. మన సైనికుడి చెయ్యి పోతే రెండు చేతుల తుపాకీ వాడలేడు. కాబట్టి ప్రతి సైనికుడికీ ఒక చేత్తో పట్టుకునే పిస్తోలు ఇచ్చి పంపండి.

2023లో వచ్చిన జాగ్డ్ అలయన్స్ 3 అంకెని పూర్తిగా దాచేసింది. తల, ఛాతీ, చేతులు, కాళ్లు ఎంచుకోవచ్చు, ఎంత ఎక్కువసేపు గురిచూడాలో చెప్పొచ్చు, కానీ ఎంత శాతమో మామూలుగా చూపించదు. దూరం, అడ్డు, తుపాకీ చూసి మనమే అంచనా వెయ్యాలి. నిజమైన కాల్పుల్లో ఎవరికీ తల మీద అంకె కనిపించదు కదా అన్న వాదన నాకు నచ్చింది, కానీ ఇలాంటి ఆటలు ఇంతకు ముందు ఆడనివాళ్లకి ఇది మొదటి గేమ్‌గా వద్దు.

మీ చేతి గురే లెక్క అయినప్పుడు

మన పిల్లల్లో ఎక్కువమందికి గురి అంటే బీజీఎంఐ, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్. ఇక్కడ పాచిక స్థానంలో మీ వేలు ఉంటుంది, కానీ తల, ఛాతీ, కాలు లెక్క మాత్రం అలాగే ఉంది. వాలరెంట్‌లో వాండల్ తుపాకీ దెబ్బ తలకి 160, ఒంటికి 40, కాలికి 34. పూర్తి షీల్డ్‌తో ఎదుటివాడి ప్రాణం 150. తలకి ఒకటి చాలు, ఒంటికి నాలుగు కావాలి, కాళ్లకి ఐదు. కౌంటర్ స్ట్రైక్‌లో ఏకే-47 హెల్మెట్ ఉన్నా తలకి ఒక్క గుండుతో పడేస్తుంది, ఎం4ఏ4 హెల్మెట్ ఉంటే పడెయ్యలేదు. ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ ఛాతీకి తగిలినా ప్రాణం పోతుంది, కాలికి తగిలితే పోదు.

వ్యాట్స్‌లో కాళ్లు ఎంత విలువైనవో ఇక్కడ అంత పనికిరానివి, ఎందుకంటే ఈ ఆటల్లో కాలు కుంటిదవ్వదు, దెబ్బ తగ్గుతుందంతే. ఆ గేములనుంచి ఈ గేములకి వచ్చేవాళ్లు ఈ అలవాటు మార్చుకోవాలి. క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు) ఎప్పుడూ తల ఎత్తులో పెట్టుకుని నడవడం, ఆగి కాల్చడం. పరిగెడుతూ కాలిస్తే కౌంటర్ స్ట్రైక్‌లో గుళ్లు ఎటుపడితే అటు చెదురుతాయి, అంటే మీరే మీ శాతాన్ని తగ్గించుకుంటున్నారు. తొందరగా మూడు గుళ్లు ఛాతీకి దించడం, నిదానంగా ఒకటి తలకి పెట్టడం, ఈ రెండిట్లో కొత్తవాళ్లకి ఛాతీయే మేలు. చెయ్యి కుదురుకున్నాక తల దానంతటదే వస్తుంది.

ఇంతకీ ఏది తీసుకోవాలి

కథ కావాలి, తీరిగ్గా ఆలోచించుకుంటూ కాళ్లూ చేతులూ ఎంచుకోవాలి, ల్యాప్‌టాప్ పాతది అయితే ఫాలవుట్ 3 లేదా న్యూ వేగస్. ఈ పోలికలో మొదటి గేమ్‌గా నేను ఎవరికైనా ఇచ్చేది ఇదే. ల్యాప్‌టాప్ కొత్తదైతే నాలుగు.

చెమటలు పట్టించే టెన్షన్ కావాలంటే ఎక్స్‌కామ్ 2. కంప్యూటర్ లేకపోయినా ఫోన్‌లో దొరుకుతుంది. రూకీ అనే అన్నిటికన్నా తేలిక స్థాయిలో మొదలుపెట్టండి, సిగ్గేం లేదు. ఎదుటివాడిని ముక్కలు ముక్కలుగా విడదీసే ఆలోచన నచ్చితే బ్యాటిల్‌టెక్, అదే ఆలోచన కాస్త వేగంగా కావాలంటే ఫీనిక్స్ పాయింట్.

షాట్ తప్పితే రోజంతా మనసు పాడయ్యే మనుషులుంటారు. మా పెద్దమ్మ కొడుకు అలాంటివాడే. వాడికి 2018లో వచ్చిన ఇంటూ ది బ్రీచ్ ఇచ్చాను. అందులో మీ దెబ్బ ఎప్పుడూ తప్పదు, శత్రువు ఎక్కడ కొట్టబోతున్నాడో కూడా ముందే చూపిస్తుంది. శాతం ఉండేది ఒక్కచోటే, దెబ్బ తగిలిన భవనం తట్టుకుంటుందా లేదా అన్నదాని దగ్గర. అది మనకి అనుకూలంగా వస్తే బోనస్, రాకపోతే పోయేదేం లేదు. 2022లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్‌లోకీ వచ్చింది.

బాల్డర్స్ గేట్ 3 ఆడాలనుకుంటే దాంట్లో శరీర భాగాల ఎంపిక లేదు, ఇరవై ముఖాల పాచిక ఒక్కటే. ఎత్తు మీద నిలబడటం, చాటు నుంచి కొట్టడం లాంటివి నేర్చుకోండి, ముఖ్యంగా అడ్వాంటేజ్ తెచ్చుకోవడం. అడ్వాంటేజ్ ఉంటే పాచిక రెండుసార్లు పడుతుంది, మంచిది తీసుకుంటుంది, 65 శాతం షాట్ దాదాపు 88 అవుతుంది. మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో కార్మిక్ డైస్ అనేది చూడండి. వరసగా ఓడిపోకుండా పాచికల్ని సర్దే ఆప్షన్ అది, ముందుగానే ఆన్‌లో ఉంటుంది. ఉన్న అంకె ఉన్నట్టు కావాలంటే ఆఫ్ చేసుకుని ఆడండి.